పదకొండేళ్లు పోని ఫ్యూజు

కుట్టు గది, కిటికీ పక్క బల్ల
జూన్ 3

ఉత్తరం రాయడం మరిచిపోయిన తమ్ముడికి, ఆ సంగతి మరిచిపోని అక్క రాస్తున్నది.

నువ్వు పంపిన ఫొటో అందింది. చేతిలో షీల్డు, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కా, ముఖంలో మాత్రం పంటినొప్పి. ఏడాది పొడుగునా ఫ్యాక్టరీలో ఒక్క ప్రమాదమూ జరగకుండా చూసుకున్నావని బహుమతి ఇస్తే కాస్త నవ్వొచ్చు కదరా. మీ బావగారు ఆ ఫొటోని పాఠాల పుస్తకంలో పెట్టుకుని స్కూలుకి పట్టుకెళ్లారు. "మా బావమరిది సేఫ్టీ ఆఫీసరు" అని స్టాఫ్ రూములో అందరికీ చూపించారట. ఎనిమిదో తరగతిలో నువ్వు మూడుసార్లు ఆగిపోయినప్పుడు "వీడు దేనికీ పనికిరాడు" అన్న మనిషి ఈయనే. ఆయన మరిచిపోయినట్టు నటిస్తున్నారు. నేను మరిచిపోలేదు గనక అప్పుడప్పుడూ గుర్తు చేస్తున్నాను.

ఇక్కడ ఊపిరి సలపడం లేదు. నర్సింగ్ స్కూలు వాళ్లు రెండు వందల జతల యూనిఫారాలు ఇచ్చారు. ఆగస్టు మొదటికల్లా కావాలట. నాలుగు మిషన్లూ పొద్దస్తమానం తిరుగుతున్నాయి. ఆ తెల్లబట్ట మొండిది, ఎంత రుద్దినా ముడత పోదు. అందుకని ఉన్న రెండు ఇస్త్రీ పెట్టెలకి తోడు మూడోది కూడా తెచ్చాను. కాజాలు కుట్టే పిన్ని గుర్తుందిగా, ఇంకా అదే మూల, అదే స్టూలు. ఆవిడ కాజా కుడితే లోపలి వైపేదో బయటి వైపేదో పోల్చుకోవడం ఇప్పటికీ నావల్ల కాదు.

ఇంక అసలు సంగతి. మొన్న స్విచ్చుల బోర్డు దగ్గర కాలిన రబ్బరు వాసన వచ్చింది. గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ఎందుకైనా మంచిదని నీకు కరెంటు పని నేర్పిన మేస్త్రిగారినే పిలిపించాను. ఆయన మెయిన్ ఆపి, ఫ్యూజు ఊడదీసి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది మార్చాలమ్మా" అన్నారు.

"అది వేసిందెవరో తెలుసా మేస్త్రిగారూ? మీ శిష్యుడే. వేసి పదకొండేళ్లయింది, ఒక్కసారి కూడా పోలేదు" అన్నాను.

"ఎవరు వేసినా మార్చాలి" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. శిష్యుడు ఆఫీసరైతే గురువుకి కడుపుమంట ఉంటుందని వినడమే గానీ చూడడం ఇదే మొదలు. "తీసింది తీసినట్టు పెట్టేసి వెళ్లండి" అన్నాను. పెట్టేసి వెళ్లిపోయారు. నా నోరు నీకు తెలుసుగా, ఈ సంగతి వీధిలో నలుగురికీ చెప్పాను. ఇప్పుడు మా వరసలో ఎవరూ ఆయన్ని పనికి పిలవడం లేదు. పిలవకపోతే పోనీ. ఫ్యూజు డబ్బా మీద ఒక కాగితం కూడా అంటించాను: "మా తమ్ముడు వేసినది. ఎవరూ ముట్టుకోరాదు."

జవాబు రాయి. ఈసారి నాలుగు పంక్తులతో సరిపెడితే తిరుగు టపాలో పంపేస్తాను.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్లు, రెండో అంతస్తు
జూన్ 8
(ఈ ఉత్తరం ఆ రోజు పోస్టు చెయ్యలేదు.)

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మేస్త్రిగారు చెప్పింది నిజం. ఆ డబ్బాలో ఉన్నది నేను వేసిందే గానీ అది ఫ్యూజు కాదు.

ఆ రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నీ మొదటి పెద్ద ఆర్డరు, బ్యాండు వాళ్ల ఎర్రకోట్లు. నాలుగింటికి వాళ్లు బండి వేసుకుని వస్తామన్నారు. రెండు ఇస్త్రీ పెట్టెలు కలిపి పెడితే చాలు, ఫ్యూజు పోతోంది. నేను తీగ మారుస్తున్నాను, పది నిమిషాలకి మళ్లీ పోతోంది. మూడోసారి పోయినప్పుడు బావగారు గుమ్మంలో నిలబడి "ఏరా, పని నేర్చుకునే వచ్చావా, చూసి వచ్చావా" అన్నారు. నువ్వు ఆయన్ని లోపలికి పొమ్మని, నా వైపు తిరిగి "నువ్వు చెయ్యి నాన్నా, నాకు నమ్మకముంది" అన్నావు. ఈ ఉద్యోగానికి రావడానికి ఆరింటికి నా రైలు.

ఆ గది గోడలో ఉన్నవి సన్నతీగలు. దీపాలకీ మిషన్లకీ సరిపోతాయి, రెండు ఇస్త్రీ పెట్టెల్ని మొయ్యలేవు. మొయ్యలేనంత కరెంటు వచ్చినప్పుడు గోడలోని తీగ కాలకముందే ఫ్యూజు తీగ కాలి తెగిపోతుంది, అంతటా ఆగిపోతుంది. దాన్ని పెట్టేది అందుకే. అంటే ఆ రోజు పోయిన ప్రతిసారీ అది తన పని తాను సరిగ్గా చేసింది. నాకు అప్పుడూ ఈ సంగతి తెలుసు. తెలిసే, పాత వైరు ముక్క ఒకటి ఒలిచి, అందులో రాగి పోగులన్నీ కలిపి మెలేసి, ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట బిగించాను. అది ఏ కరెంటుకీ తెగదు. ఇస్త్రీ పెట్టెలు రెండూ వేడెక్కాయి. నువ్వు నా తల నిమిరావు.

ఒక్కరోజుకే అనుకున్నాను. వెళ్లగానే నీకు రాసి మేస్త్రిగారి చేత మార్పిద్దామనుకున్నాను. మొదటి వారమే నీ ఉత్తరం వచ్చింది, ఫ్యూజు మళ్లీ పోలేదని, బావగారి నోరు మూయించావని. ఇంక రాయలేకపోయాను. సెలవుకి వచ్చినప్పుడు మారుద్దామంటే వచ్చిన ప్రతిసారీ నువ్వు ఎవరినో ఒకరిని పిలిచి ఆ డబ్బా చూపించేదానివి. ఒంటరిగా దాని దగ్గర నిలబడే వీలు దొరకలేదని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం, రెండుసార్లు దొరికింది. మొదటిసారి, మళ్లీ పోవడం మొదలైతే నువ్వు ఏమంటావోనని భయపడ్డాను. రెండోసారి నిజంగానే మరిచిపోయాను.

ఇక్కడ ప్రతి సోమవారం కొత్తగా చేరినవాళ్లకి క్లాసు చెబుతాను. ఫ్యూజులో ఫ్యూజు తీగ తప్ప ఇంకేదీ పెట్టకూడదన్నది అందులో మొదటి మాట.

అక్కా, మెయిన్ ఆపెయ్యి. మేస్త్రిగారిని పిలువు. నన్ను తిట్టు.

తమ్ముడు


ఫ్యాక్టరీ క్వార్టర్లు, రెండో అంతస్తు
జూన్ 9

అక్కకి,

ఇక్కడ అంతా క్షేమం. నీ ఉత్తరం చూసి సంతోషించాను. బావగారికి నమస్కారాలు చెప్పు.

ఫ్యూజు విషయం. ఎంత మంచి తీగైనా పదేళ్లు దాటాక మార్చడం మంచిదని ఇప్పటి నియమం. మేస్త్రిగారు బహుశా అందుకే మార్చాలని ఉంటారు. ఆయన్ని మళ్లీ పిలిస్తే బాగుంటుంది. పిలవడం నీకు ఇష్టం లేకపోతే నువ్వే మార్చవచ్చు, కష్టమైన పని కాదు. ఒక అట్టకి చుట్టిన ఫ్యూజు తీగ దీనితో పంపుతున్నాను. ఆ గదికి సరిపోయే సన్నతీగే అది. సన్నగా ఉందని రెండు పోగులు కలపవద్దు.

ముందు ఇస్త్రీ పెట్టెల ప్లగ్గులన్నీ తీసెయ్యాలి. తర్వాత మెయిన్ ఆపాలి. ఆపిన తర్వాత ఒక దీపం వేసి చూడు, వెలగకపోతేనే నిజంగా ఆగినట్టు. చేతులు పొడిగా ఉండాలి, రబ్బరు చెప్పులు వేసుకో, పొడి చెక్కపీట మీద నిలబడు. ఫ్యూజు తీగ ఉండే పింగాణీ పట్టుని మధ్యలో పట్టుకుని నేరుగా బయటికి లాగు. దానికి రెండు చివరలా రెండు మరలుంటాయి. వదులు చేసి పాత తీగ తీసెయ్యి. కొత్త తీగ ఒక చివర మర చుట్టూ, మర బిగిసే వైపుకే ఒక చుట్టు తిప్పి బిగించు. తీగని మధ్య గాడిలోంచి తీసుకుని రెండో మరకి అలాగే చుట్టు. లాగి బిగదీయకు, కాస్త వదులుగా ఉండాలి. మిగిలిన ముక్క కత్తిరించెయ్యి. పట్టుని మళ్లీ గట్టిగా నొక్కి, ఆ తర్వాతే మెయిన్ వెయ్యి.

అది మార్చేదాకా మూడు ఇస్త్రీ పెట్టెలూ కలిపి వాడవద్దు. ఒక్కటే వాడు.

తమ్ముడు


కుట్టు గది
జూన్ 17

సర్కారు నోటీసు పంపిన ఆఫీసరుగారికి,

నీ ఉత్తరం గదిలో అందరికీ పైకి చదివి వినిపించాను. పొడి చేతులు, పొడి పీట, రబ్బరు చెప్పులు. నా పెళ్లికి కూడా నేను ఇంత తయారు కాలేదురా. పిన్నికి నవ్వాగక సూదిలోంచి దారం జారిపోయింది. చదివాక దాన్ని గోడకి మేకు కొట్టి తగిలించాను, నా తమ్ముడు ఎంత తెలివిగా రాస్తాడో వచ్చినవాళ్లు చూస్తారని.

మార్చడం మాత్రం జరగదు. పదకొండేళ్లుగా రాయిలా పనిచేస్తున్నదాన్ని ఎవరైనా పీకుతారా? పన్ను గట్టిగా ఉన్నవాడికి కట్టుడుపళ్లు పెడతానన్నట్టుంది. అంతగా మార్చాలనుంటే నువ్వే వచ్చి మార్చు. నీ చెయ్యి వేసిందాన్ని నీ చెయ్యే తియ్యాలి.

నవ్వులాటగా రాస్తున్నాను గానీ, ఒక మాట చెప్పనా? నువ్వు స్కూలు మానేసి అరుగు మీద కూచున్న ఆ ఏడాది ఇంట్లో నీ ముఖం ఎవరూ చూసేవాళ్లు కాదు. నిన్ను చెయ్యి పట్టుకుని మేస్త్రిగారి దగ్గర దింపింది నేను. "వీడికి పని వస్తుందా" అని మీ బావగారు అడిగితే "చూస్తూ ఉండండి" అన్నాను. ఆ కోట్ల రోజు నువ్వు వేసిన ఫ్యూజు నిలిచిందే, అప్పటినుంచీ ఈ ఇంట్లో నీ గురించి ఒక్కరు కూడా తక్కువగా మాట్లాడలేదు. అందుకని అది నాకు ఉత్త తీగ కాదు. దాని మీద చెయ్యి వేస్తానంటే నాకు మేస్త్రిగారైనా ఒకటే, నువ్వైనా ఒకటే.

మూడు ఇస్త్రీ పెట్టెలూ నడుస్తున్నాయి. లేకపోతే రెండు వందల జతలు నువ్వొచ్చి చేస్తావా? వాసన అప్పుడప్పుడూ వస్తోంది, కిటికీ తెరిస్తే పోతోంది.

అక్క


ఫ్యాక్టరీ క్వార్టర్లు, రెండో అంతస్తు
జూన్ 24

అక్కా,

కిటికీ తెరిస్తే పోయే వాసన కాదు అది. గోడలో తీగ మీది తొడుగు కాలుతోంది. దయచేసి నా మాట విను.

నీకు ఇంతకుముందు రాయని ఒక సంగతి ఉంది. నేను ఆ రోజు వాడిన తీగ మంచిది కాదని ఈ మధ్యే తెలిసింది. ఆ రోజుల్లో బజారులో నాణ్యత లేని సరుకు కొంత వచ్చింది, అందులోది. నా పనిలో లోపం కాదు, తీగలో లోపం. మార్చితే నా పేరుకేమీ తక్కువ కాదు. మేస్త్రిగారిని ఒక్కసారి పిలువు. నా తరఫున పిలువు. ఆయన ముందు నువ్వు తగ్గినట్టేమీ అవదు.

సెలవు అడిగాను. ఆగస్టు పది దాకా దొరకదట. అందాకా ఒక్క ఇస్త్రీ పెట్టె. ఒక్కటే. నీ కాళ్లు పట్టుకున్నాననుకో.

తమ్ముడు


కుట్టు గది
జూలై 5

తమ్ముడికి,

కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. పిన్నికి మాత్రం చెయ్యి కాలింది.

మొన్న మధ్యాహ్నం భోజనాలు చేసి అప్పుడే కూచున్నాం. మూడో ఇస్త్రీ పెట్టె దగ్గర వైరు మీది నూలు తొడుగు అరిగిపోయి ఉందట, ఎవరం చూసుకోలేదు. టపటపమని నిప్పురవ్వలు లేచాయి. వైరు ఆ మొదలు నుంచీ ఈ చివర దాకా ఎర్రగా కాలుతూ వచ్చింది. అది పడి ఉన్నది పూర్తయిన నర్సుల కోట్ల మీద. బట్ట కత్తిరించే పొడుగమ్మాయి కత్తెర పట్టుకుని నిలబడిపోయింది. పిన్ని స్టూలు మీంచి లేచొచ్చి, వట్టి చేత్తో ఆ వైరు పట్టుకుని, గోడలోంచి ప్లగ్గు లాగి పారేసింది. ఆవిడ లాగకపోతే గది మొత్తం ఉండేది కాదు. నర్సుల కోట్లు ఏడు కాలిపోయాయి, అంతే.

కుడి అరచెయ్యి, చూపుడువేలు, మధ్యవేలు. నెల రోజులు సూది ముట్టుకోకూడదని డాక్టరు చెప్పాడు. తర్వాత వేళ్లు వంగుతాయా అని అడిగితే చూద్దాం అన్నాడు. ఎనభై జతల కాజాలు మిగిలే ఉన్నాయి. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని కూచుని "నా తడి చేతుల వల్లే అయ్యుంటుంది, ఇస్త్రీకి నీళ్లు చిలకరించింది నేనే కదా" అని ఒకటే ఏడుపు. నాకూ అలాగే అనిపించింది. ఆవిడ చేతులు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఇక మీదట ఇస్త్రీ బల్ల వైపు రావద్దని చెప్పాను. కాస్త గట్టిగానే చెప్పాను. చెప్పాక నాకే బాధనిపించింది.

ఇంత జరిగినా మన ఫ్యూజు చెక్కుచెదరలేదు, తెలుసా. అంత మంటలోనూ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, మిషను మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి. నాణ్యత లేని తీగ అన్నావు. చూడు మరి.

అక్క


తంతి
జూలై 9

మెయిన్ ఆపెయ్యి. ఇస్త్రీ పెట్టెలన్నీ తీసెయ్యి. మేస్త్రిగారు చూసేదాకా వెయ్యకు. పిన్ని తప్పు లేదు. తప్పు నాది. ఉత్తరం వస్తోంది. తమ్ముడు.


ఫ్యాక్టరీ క్వార్టర్లు, రెండో అంతస్తు
జూలై 9

అక్కా,

దీనితో పాటు ఇంకో ఉత్తరం ఉంది, జూన్ ఎనిమిదిన రాసింది. ముందు అది చదువు.

చదివావు కదా. ఆ రోజు దాన్ని అంటించి పోస్టు డబ్బా దాకా తీసుకెళ్లాను. అక్కడ నిలబడి, నువ్వు దాన్ని గదిలో అందరికీ పైకి చదవడం ఊహించుకున్నాను. వెనక్కి తెచ్చేశాను. మర్నాడు పదేళ్ల నియమం అని రాశాను, అలాంటి నియమం లేదు. నాణ్యత లేని సరుకు అన్నాను, అదీ లేదు. నీ చేత దాన్ని మార్పించాలి, నాకు మాట రాకూడదు. రెండూ కావాలనుకున్నాను.

నువ్వు రాసిన ఆ ఒక్క మాట, దీపాలు వెలుగుతూనే ఉన్నాయన్న మాట, నాలుగు రోజులుగా నన్ను కూచోనివ్వడం లేదు అని రాద్దామనుకున్నాను, కానీ నీ ఉత్తరం చేరింది ఇవాళ పొద్దున్నే. నాలుగు గంటలే అయింది. నాలుగు రోజుల్లా ఉంది. అక్కా, అందులో సరైన తీగ ఉంటే మొదటి నిప్పురవ్వకే అది తెగిపోయేది. పిన్ని స్టూలు మీంచి లేచేలోపే అంతా ఆగిపోయేది. ఆవిడ చేతులు తడివైనా పొడివైనా ఒకటే. ఆవిడని కాల్చింది నేను వేసిన రాగి. ఈ సంగతి ఆవిడకి నువ్వు చెప్పాలి, గదిలో అందరి ముందూ చెప్పాలి. నేను విడిగా కూడా రాశాను, ఆవిడకీ మేస్త్రిగారికీ చెరొక ఉత్తరం. ఆవిడది చదివి వినిపించు.

తంతి ఇచ్చి నేరుగా కొత్తవాళ్ల క్లాసుకి వెళ్లాను. ఫ్యూజు పాఠం దగ్గర మొత్తం చెప్పేశాను, ఎవరి ఇల్లో, ఎవరి చెయ్యో. చెప్పాక వెనక బెంచీలోంచి ఒకతను లేచి "మరి ఇప్పుడైనా మార్చారా సార్?" అని అడిగాడు. ఇంకా లేదని చెప్పాను. షీల్డు వెనక్కి ఇచ్చేస్తానని మేనేజరుకి చెప్పాను. అది ఫ్యాక్టరీ ప్రమాదాల లెక్కకి, నీ ఇంటి లెక్కకి కాదన్నాడాయన. నాకు అందులో ఊరట ఏమీ కనపడలేదు.

ఆగస్టు పదిన వస్తాను. నువ్వు రావద్దంటే కూడా వస్తాను, బయట నిలబడతాను.

తమ్ముడు


కుట్టు గది
ఆగస్టు 2

తమ్ముడికి,

మూడు వారాలు రాయలేదు. రాయాలనుకున్నప్పుడల్లా కోపంలో అక్షరాలు నీ రాత లాగే వంకరగా వచ్చాయి. ఇప్పుడు కుదురుగా రాస్తున్నాను, కోపం తగ్గిందని అనుకోకు.

ఇరవై ఏళ్లవాడివి, ఎదురుగా బావగారు, ఆరింటికి రైలు. ఆ రోజు నువ్వు చేసిన పని నేను అర్థం చేసుకోగలను. నేను కూడా గడువుకి అందదని లోపలి కుట్టు వదిలేసి పైకుట్టు వేసి పంపిన సందర్భాలున్నాయి. నా కోపం అది కాదు. నీ తప్పుకి నన్ను పదకొండేళ్లు కాపలా పెట్టావు. నేను దాని ముందు చేతులు చాచి నిలబడి, సరిచెయ్యడానికి వచ్చిన మనిషిని వీధిలో పరువు తీసి పంపాను. పిన్ని తన కాలిన చెయ్యి చూసుకుంటూ తనని తాను తిట్టుకుంటుంటే, నేను కూడా ఇంకో మాట కలిపాను. ఇవన్నీ నా చేత చేయించావు. నాకు తెలియకుండా చేయించావు.

తంతి వచ్చిన రోజే మెయిన్ ఆపేశాను. నీ ఉత్తరం వచ్చాక అందరినీ కూచోబెట్టి రెండూ చదివాను. నువ్వు భయపడ్డట్టే, పైకే చదివాను. ఎవరూ నవ్వలేదు. తర్వాత మేస్త్రిగారి ఇంటికి వెళ్లాను. ఆయన పాత ఫ్యాను ఒకటి విప్పి ముందేసుకుని కూచున్నారు.

"మీకు అప్పుడే తెలుసా?" అని అడిగాను.

"మెలి చూస్తే తెలియదా అమ్మా. ఎడమ చేత్తో మెలేసేవాడు నా దగ్గర వాడొక్కడే."

"మరి చెప్పలేదేం?"

"వాడు నీకు చెప్పుకోవాల్సింది నేనెందుకు చెప్పడం? మార్చాలని చెప్పా." స్క్రూలు ఏరుకుంటూ, "నాకూ రోషమొచ్చిందిలే. రోషంతో వచ్చేశా. నువ్వెన్ని అన్నా సరే, మెయిన్ ఆపి రావాల్సింది. ఆ ముక్క నీ తమ్ముడికి కూడా రాయి" అన్నారు.

రాస్తున్నాను. ఆయన మంచితనం చూసి నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. వచ్చేటప్పుడు వీధి పొడుగునా ప్రతి గుమ్మంలోనూ ఆగి, నేను చెప్పింది తప్పని నా నోటితోనే చెప్పుకుంటూ వచ్చాను. చెప్పడానికి పట్టిన దానికంటే వెనక్కి తీసుకోవడానికి ఎక్కువసేపు పట్టింది.

మర్నాడు ఆయన వచ్చారు గానీ ఫ్యూజు ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి "నువ్వే చెయ్యమ్మా" అన్నారు. నువ్వు పంపిన తీగ అట్ట ఎక్కడో పారేశాననుకున్నాను, బొత్తాల డబ్బాలో దొరికింది. దీపం వేసి చూశాను, వెలగలేదు. పీట ఎక్కి ఆ పట్టు లాగాను. లోపల నీ రాగి నల్లగా మాడి ఉంది, పింగాణీ కూడా కమిలిపోయింది. అందులోంచి గోడలోకి వెళ్లే తీగ మీది తొడుగు నా వేలు తగిలితే పొడిపొడిగా రాలింది. ఆ గోడకి అవతల మేం పడుకునే గది, తెలుసుగా నీకు. అప్పుడు మాత్రం పీట దిగి కూచున్నాను.

మేస్త్రిగారు ఆ మాడిన తీగలన్నీ తీసేసి కొత్తవి లాగారు. ఇస్త్రీ పెట్టెలకి విడిగా లావుతీగ, దానికి వేరే ఫ్యూజు. పాత లైనుకి దీపాలూ మిషన్లే. రెండు ఫ్యూజులకీ తీగ నేనే చుట్టాను. మొదటిసారి మర ఎక్కువ బిగించి తెంపేశాను. రెండోసారి వచ్చింది.

సోమవారం నాడు పొడుగమ్మాయి అలవాటు కొద్దీ రెండు ఇస్త్రీ పెట్టెల్ని పాత లైను ప్లగ్గు పాయింట్లలోనే పెట్టింది. కొంతసేపటికి డబ్బాలో చిన్నగా టప్‌మంది. మిషన్లు నాలుగూ ఆగిపోయాయి, దీపాలు పోయాయి. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి ఈ గదిలో ఫ్యూజు పోయింది. నాకు ముందు వచ్చింది సిగ్గే, నా పని నిలవలేదని. మీ బావగారు గుమ్మంలోకి వచ్చి నోరు తెరవబోయి, నా ముఖం చూసి మూసుకున్నారు. అప్పుడు మూల నుంచి పిన్ని, ఎడమ చేత్తో బొత్తాలు ఏరుకుంటున్న మనిషి, తల కూడా ఎత్తకుండా అంది, "పోయిందా? అమ్మయ్య."

ఆ మాటకి నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. కాసేపయ్యాక లేచి, ప్లగ్గులు తీయించి, మెయిన్ ఆపి, తీగ మార్చాను. పావుగంట కూడా పట్టలేదు. పావుగంట పని, ఒరేయ్.

పిన్ని చూపుడువేలు వంగుతోంది. మధ్యవేలు ఇంకా సగమే. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, మడిచి ఇమ్మని అడిగి జాకెట్టులో పెట్టుకుంది. నర్సింగ్ స్కూలు వాళ్లు ఇంకో ఇరవై రోజులు గడువిచ్చారు. కాజాలు మేం తలాకొన్ని కుడుతున్నాం గానీ, ఆవిడ చూసి పెదవి విరుస్తోంది.

నీ మీద నమ్మకం పోలేదని రాసి నిన్ను ఊరుకోబెట్టాలని నాకూ ఉంది. పోయింది. అబద్ధం రాయడం నావల్ల కాదు. ప్రేమ పోలేదు, అది వేరే సంగతి, దానికి నువ్వు చెయ్యాల్సింది ఏమీ లేదు. నమ్మకానికి మాత్రం చెయ్యాలి, ఎన్నాళ్లు పడుతుందో నాకూ తెలియదు.

పదో తారీఖున రా. బయట నిలబడడాలూ అవీ ఏమీ వద్దు. నీ సెలవు ఎన్ని రోజులో పిన్ని నన్ను రెండుసార్లు అడిగింది. నిన్న తన స్టూలు పక్కన ఇంకో స్టూలు వేయించింది. మిగిలిన కాజాలు నీ చేత కుట్టిస్తుందట, పక్కన కూచుని ప్రతి కుట్టూ చూస్తుందట, బాగాలేనివి విప్పిస్తుందట. నేను సరేనన్నాను.

అక్క